చెవుల్లేని అంకె

“లక్ష్మణ్ సంతకం ఒక్కటి పడితే అయిపోతది,” అంటూ సంతోష్‌రావు కాగితాన్ని నవత ముందుకు జరిపాడు.

కాగితం జరిగినంత మేరా టేబుల్ మీద చార పడింది. ఒకప్పుడు కరీంనగర్‌లోని ఆ ఆఫీసు గ్రానైట్ పలకలకు పాలిష్ పట్టిన షెడ్డు. సంతోష్‌రావు తండ్రి నడిపాడు. రాళ్లు పోయి యంత్రాలు వచ్చి నాలుగేళ్లయినా, ఫ్యాను తిరిగితే చాలు, రేకుల సందుల్లోంచి రాతిపొడి ఇంకా రాలుతూనే ఉంటుంది. పొద్దున తుడిచిన టేబుల్ మధ్యాహ్నానికి పిండి చల్లినట్టవుతుంది. నవత ఆ పొడి మీద గోటితో గీతలు గీస్తూ కాగితం చదివింది.

ఆదిలాబాద్ జిల్లాలో, బేల అవతలి ఊళ్లో, గంగయ్య అనే రైతు చేనులో, కంపెనీ కలుపు బండి మూడు సాళ్ల కందిని గడ్డి అనుకొని కోసేసింది. ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపట్లో అన్నీ వివరంగా ఉన్నాయి. చివర ‘కారణం’ అన్నచోట ఒకే వాక్యం: ‘చేను వివరాల ఫైలులో ఆపరేటర్ తప్పు అంకె రాయడం.’ దాని కింద లక్ష్మణ్ పేరు. పేరు పక్కన ఖాళీ.

“ఒకసారి నేను మళ్ల లాగ్ చూస్త సార్.”

“ఎన్నిసార్లు చూస్తవమ్మా? ఇగో.” సంతోష్‌రావు లాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు. ఆ రోజు బండి ఏం చదివింది, ఏం చేసింది అన్నది వరుసలు వరుసలుగా ఉంది. అందులో ఒక వరుస మీద వేలు పెట్టాడు. “సాళ్ల వరుస, మూడొందల అరవై ఒకటి. ఆరు-ఒకటి కొట్టబోయి ముందుగాల మూడు కొట్టిండు. చిన్న ఫోను, లావు ఏళ్లు. నేను ఆయన్ను దొంగంటలేను. తప్పు రాసిండంటున్న, అంతే.”

“మరి ఆయన పని?”

“ఈ వానకాలం పక్కకుంటడు. సోమవారం ఎంక్వైరీకి ఆఫీసర్లు వస్తున్నరు నవతా. బండి తప్పంటే ఎనిమిది ఊర్లల్ల బండ్లన్నీ నిలవెట్టుమంటరు. మనిషి తప్పంటే మనిషిని మారుస్తం. ఫోన్ల సంతకం నడవదు, నువ్వు పోయి పెట్టించుకొని రా.” లేచి, ప్యాంటుకంటిన పొడి దులుపుకున్నాడు. “నువ్వు చెప్తేనే ఇంటడు. నన్ను జూస్తే బుగులు వడ్తడు.”

బండి అంటే మోకాలెత్తు యంత్రం. సాలుకు అటు రెండు, ఇటు రెండు చక్రాలు పెట్టి నడుస్తుంది. ముందు కెమెరా, కడుపు కింద రెండు చిన్న కత్తులు. పొద్దున మీట నొక్కగానే అది మొదట చేసే పని తన ఫైలు చదువుకోవడం. చేను ఎంత పొడవు, సాలుకూ సాలుకూ ఎంత ఎడం, ఎన్ని పత్తి సాళ్ల తర్వాత ఎన్ని కంది సాళ్లు వస్తాయి. ఆఫీసులో దాన్ని కాన్ఫిగ్ ఫైలు అంటారు. లక్ష్మణ్ ‘చిట్టీ’ అంటాడు. చిట్టీలో కంది ఉందంటే కంది సాలు రాగానే బండి కత్తులు పైకెత్తుకొని పోతుంది. లేదంటే, పత్తి కానిదంతా దానికి గడ్డే. ఆ చిట్టీని తెరిచి, చదివి, బండి తలకెక్కించే ప్రోగ్రాం ముక్కను పైథాన్ భాషలో నవతే రాసింది. ఇరవై రెండు వరుసలు. ఆర్నెల్లుగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, ముట్టుకోవలసిన పనీ పడలేదు.

శనివారం తొలి బస్సు ఎక్కింది. కండక్టరుకు ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్టు తీసుకొని కిటికీ పక్కన కూర్చుంది. కిటికీ అద్దం గాడిలో నిలవక గడగడ కొట్టుకుంటోంది. టికెట్టు మడిచి ఆ సందులో దూర్చింది. జగిత్యాల దాకా ఊరుకొని మళ్లీ మొదలైంది. సంచిలోంచి కాగితం తీసింది, చదవకుండానే లోపల పెట్టింది. నీళ్లు తాగింది. ముందు సీటు రాడ్డును వేళ్లతో కొడుతూ కూర్చుంటే, ఆ సీటులోని ముసలాయన వెనక్కి తిరిగి చూశాడు.

మూడొందల అరవై ఒకటి. సరే, ముందు మూడు పొరపాటున పడిందే అనుకుందాం. మరి ఆరుకూ ఒకటికీ నడుమ ఉండాల్సిన రెండు చుక్కలు ఏమైనట్టు? ఒకే అంకెలో ఒకే మనిషి ఒకటి ఎక్కువా రాశాడు, ఒకటి తక్కువా రాశాడు. అట్లా కాకూడదనేం లేదు. కానీ నిర్మల్ ఘాట్ మలుపుల్లో బస్సు అటూ ఇటూ ఒరిగినప్పుడల్లా ఆ రెండు చుక్కలే గుర్తుకొచ్చాయి.

ఆదిలాబాద్‌లో బస్సు మారి బేలలో దిగేసరికి లక్ష్మణ్ మోటారు సైకిల్ మీద ఎదురు చూస్తున్నాడు. నలభై దాటిన మనిషి. చెవి మీద ఎప్పుడూ ఒక పెన్ను ఉంటుంది. మామూలుగా అయితే నవత బస్సు దిగకముందే మాటలు మొదలుపెడతాడు. వాన ఎంత పడింది, బండి ఏ మడిలో మొరాయించింది, దాన్ని చూసి ఏ ముసల్ది ఏమన్నది. ఈసారి “నమస్తే మేడం” అని, ఆమె సంచి అందుకొని ట్యాంకు మీద పెట్టుకున్నాడు. ఊరి తొవ్వలో నల్లరేగడి చక్రాలకు పట్టుకుంటే దిగి పుల్లతో గీకాడు. రెండోసారి గీకుతూ, తలెత్తకుండా అడిగాడు.

“కాగితం తెచ్చిండ్రా?”

“తెచ్చిన.”

“గీడనే పెట్టేస్త సంతకం. ఊర్ల అందరి ముందర వద్దు.”

“అంత జల్ది ఎందుకన్నా?”

అతను పుల్ల పారేసి, చేయి ప్యాంటుకు తుడుచుకొని, జేబులోంచి ఫోను తీసి ఆమెకిచ్చాడు. తెర మీద 6:1 అని ఉంది. దాని కింద 6:1. దాని కింద మళ్లీ 6:1. వేలితో తోస్తుంటే కిందికి పోతూనే ఉంది.

“నాలుగు దినాల సంది కొడ్తున్న. రెండొందలు దాటినై. ఒక్కదాంట్ల గూడ మూడు వడలే. ఆ దినమే ఎట్ల వడ్డదో.” లక్ష్మణ్ దూరంగా పత్తి చేల వైపు చూశాడు. “ముందుగాల నేను పక్కా ఉండె మేడం. ఖరే చెప్తున్న, కండ్లు మూస్తె నేను రాసిన ఆరు-ఒకటి కనవడేది. ఇప్పుడు కండ్లు మూస్తె సార్ చెప్పిన మూడొందల అరవై ఒకటే కనవడ్తున్నది. నేనే రాసిన్నేమో.”

నవత ఫోను తిరిగిచ్చింది. ఆమెకు ఎందుకో ఆ ఫోను బరువుగా తోచింది.

“చేను చూసినంక పెడుదువు తియ్యి,” అంది.

గంగయ్య చేను ఊరికి ఆనుకొనే ఉంది. గట్టున రేకుల కొట్టం. కొట్టంలో, ఎడ్లను కట్టే గుంజకు, ఎడ్లను కట్టే పలుపుతోనే కలుపు బండి కట్టేసి ఉంది. పలుపు బండి మెడ చుట్టూ, అంటే కెమెరా కింది గొట్టం చుట్టూ, రెండు చుట్లు తిరిగి ముడిపడి ఉంది. ముందు గుప్పెడు గడ్డి కూడా వేసి ఉంది. నవతకు నవ్వొచ్చింది, కానీ నవ్వే ముఖం పెట్టుకునే లోపల గంగయ్య భార్య రామవ్వ చేనులోంచి వచ్చింది. అరవై ఉంటాయి. కొంగు నడుముకు చెక్కుకొని, ఒక చేతిలో మొన చెక్కిన కర్ర, చీర ఒడిలో కంది గింజలు.

“చేన్ల వడ్డ గొడ్డును ఇడిసిపెడ్తమా? కట్టేసిన,” అంది, ఎవరూ అడగకుండానే. “ఆసామి వచ్చి జవాబు చెప్పేదాక ఇడువ.”

“ఆసామి కరీంనగర్ల ఉంటడు అవ్వా. నేను ఆయన దగ్గర పని చేస్త.”

“మరి నువ్వెందుకొచ్చినవు? పసులగాసెటోడు గీడనే ఉన్నడు గద.” లక్ష్మణ్ వైపు గడ్డం విసిరింది గానీ అతని ముఖం చూడలేదు. “సదువుకున్న బండన్నరు. దీని సదువు మన్నువడ! మా రెండేండ్ల మనుమరాలు చెప్తది, పత్తేదో కందేదో.”

“ఊకోవే. ఆడివిల్ల గంత దూరం నుంచి వచ్చింది, నీళ్లియ్యి ముందు,” అన్నాడు కొట్టం నీడలో కూర్చున్న గంగయ్య. తాడు పేనుతున్నాడు. పేనుతున్నది ఎందుకో ఆయనకే తెలిసినట్టు లేదు, చేతులు ఊరికే ఉండలేక.

నవత నీళ్లు తాగి సాళ్లలోకి దిగింది. ఆరు పత్తి సాళ్లు పచ్చగా, మోకాలి దాకా. ఏడోది బోడి. వేలెడు మోళ్లు మాత్రం వరుసగా నిలబడి ఉన్నాయి, అన్నీ ఒకే ఎత్తున, దువ్వెన పళ్లలా. అంత శుభ్రంగా కోసింది బండి. ప్రతి రెండు మోళ్ల మధ్యా రామవ్వ కర్రతో గుంట పొడిచి, రెండు గింజలు వేసి, మడమతో నొక్కి ఉంది.

“ఎన్కవడ్డ ఇత్తనం. కాస్తదో లేదో,” వెనకే వచ్చిన గంగయ్య చెప్పాడు. “మా ఇంట్ల పత్తి నాది బిడ్డా. అమ్మకానికి అడ్తికి పోతది. కంది ఆమెది. ఒక్క గింజ ఇల్లు దాటది. ఏడాది పొడుగూత పప్పు, ఇద్దరు బిడ్డలిండ్లకు పంపుడు, అన్నీ దాంట్లనే. పత్తి ముచ్చట ఆమె మాట్లాడది, కంది మీద నేను చెయ్యెయ్య.” గొంతు తగ్గించాడు. “ఇంకొకటి ఉన్నది. లక్ష్మణ్‌కు మాకు ఆ మధ్యల గట్టు పంచాది అయింది. అది మనసుల వెట్టుకొని బండిని మా కంది మీదికి తోలిండంటున్నరు ఊర్లె. నేనంటలేను. ఇప్పుడు మీ కాగితం మీద గూడ ఆయనదే తప్పని వడితే, అన్నోళ్ల మాట ఖాయమైతది. వాడు ఈ ఊర్లె బతకాలె గద.”

కొట్టం దగ్గర లక్ష్మణ్ ఒంటికాలి మీద నిలబడి, చెవి మీద పెన్ను తీస్తూ పెడుతూ ఉన్నాడు.

“నువ్వు చూస్తలేవా అన్నా, కోస్తుంటే?” నవత అడిగింది.

“కత్తి తిరిగినప్పుడు ఇరువై అడుగులు దూరముండుమన్నరు గద మేడం. మొగులు వట్టి తుంపర వడ్తుండె. ఆ కొసకు పోయినంక ఏది పత్తో ఏది గడ్డో కండ్లకానలే. అవ్వ ఒర్రుకుంట ఉరికొచ్చి కొడవలి కామతోని బండినాపే ఎర్ర బటన్ కొట్టేదాక నాకు తెల్వలే.”

నవత గోనె సంచి పరచుకొని బండి పక్కన కూర్చుంది. వైరు బిగించి లాప్‌టాప్ తెరిచింది. ఆఫీసుకు వచ్చింది లాగ్ ఒక్కటే. చిట్టీ బండిలోనే ఉండిపోయింది. దాన్ని చూద్దామని ఎవరికీ తోచలేదు. చదివింది తన ముక్కే కాబట్టి, అది తప్పు చదువుతుందని నవతకూ తోచలేదు.

చిట్టీ తెరుచుకుంది. చేను పొడవు. సాళ్ల ఎడం. సాళ్ల వరుస: 6:1.

“నేను రాసిందే ఉన్నది!” లక్ష్మణ్ ఆమె భుజం మీదుగా వంగాడు. వెంటనే వెనక్కి తగ్గాడు. “ఎన్కకెల్లి దిద్దిండంటడు సార్.”

నవత చిట్టీ రాసిన వేళ చూసింది. సోమవారం సాయంత్రం ఐదుంబావు. కంది పోయింది మంగళవారం పొద్దున. ఆ తర్వాత దాన్ని ఎవరూ ముట్టలేదు.

ఆమె చేతులు కీబోర్డు మీద ఆగాయి. చిట్టీలో ఆరు-ఒకటి ఉంటే, లాగ్‌లోకి మూడొందల అరవై ఒకటి ఎక్కణ్ణుంచి వచ్చింది? రెంటికీ మధ్య ఇంకెవరున్నారు? తన ఇరవై రెండు వరుసలు తప్ప?

కత్తుల మీట తీసేసి, చిట్టీని మళ్లీ చదివించింది. తెర మీద పడింది: 361.

మళ్లీ చదివించింది. 361.

“ఏందది?” రామవ్వ కర్ర మీద ఆనుకొని నిలబడింది.

“ఆగవ్వా.” నవత చిట్టీలో 8:1 రాసి చదివించింది. 481. 4:1 రాసింది. 241. పైకే గొణిగింది. “మూడొందల అరవై ఒకటి, నాలుగొందల ఎనభై ఒకటి, రెండొందల నలభై ఒకటి...”

“అన్నిట్ల ఒకటి ఎక్కువున్నది. అది కంది సాలుదే,” అన్నాడు లక్ష్మణ్. ఇప్పుడతను పనిలో పడ్డాడు. “అది తీస్తె ఆరు అరవైలు, ఎనిమిది అరవైలు, నాలుగు అరవైలు. అరవై ఏడికెల్లి వచ్చింది?”

“అరవై అంటే గడియారమే గద,” అంది రామవ్వ. “మోటర్‌కు కరెంటు ఆరు గంటలిస్తే మూడొందల అరవై నిమిషాలు. అది గూడ సక్కగ ఇయ్యడు.”

నవత కళ్లు మూసుకుంది. ఎప్పుడో చదివిన పాఠం, అక్కరకు రాదని వదిలేసింది, ఇప్పుడొచ్చి ముందు నిలబడింది. చిట్టీలు చదవడానికి పైథాన్‌లో వాడే రెడీమేడ్ ప్రోగ్రాం పాతకాలపుది. రెండంకెల నడుమ చుక్కలు కనిపిస్తే, అది గంటలూ నిమిషాలూ అనుకొని, అన్నీ నిమిషాలు చేసి, ఒకే అంకెగా చేతికిస్తుంది. ఆరు పత్తి సాళ్లకు ఒక కంది సాలు కాదు. ఆరు గంటల ఒక నిమిషం. ఆ అంకె వచ్చి నవత రాసిన వరుసలో పడింది. అక్కడ ఆమె రాసిపెట్టింది: ఒట్టి అంకె ఒక్కటే వస్తే, ఆ చేనులో కంది లేదు, అన్నీ పత్తి సాళ్లే. కరీంనగర్ చుట్టుపక్కల పరీక్షించిన చేలన్నీ ఒట్టి పత్తివే కాబట్టి ఆ వరుస బాగా పని చేసింది. రాసిన రోజు, భలే రాశానని టీ కూడా తాగింది.

“గంటలనుకున్నదా?” రామవ్వ కర్ర నేలకేసి కొట్టింది. “నా కంది సాలు గంటలెట్లైతది?”

పత్తి ఆకుల మీద తుంపర మొదలైంది.

“మేడం,” అన్నాడు లక్ష్మణ్. “ఒకసారి చెవులు వెట్టి చూడుండ్రి.”

నవతకు అతని ముఖం చూడాలనిపించలేదు. అతను చెవులనేది కొటేషన్ గుర్తులను. ఆరుకు ముందొకటి, ఒకటి తర్వాత ఒకటి పెట్టింది. ‘ఇది అక్షరాల్లా చదువు, లెక్క కట్టకు’ అని చెప్పే గుర్తులు. చదివించింది.

పత్తి 6. కంది 1.

“ఆఁ,” అన్నాడు లక్ష్మణ్. అంతే. అదే నవతను కుదురుగా కూర్చోనివ్వలేదు. లేచి, తుంపరలో కొట్టం వెనక్కి పోయి ఫోను తీసింది.

మొదట ఆఫీసు నుంచి పంపిన నమూనా చిట్టీలో ఆ గుర్తులున్నాయి. లక్ష్మణ్ వాటికి చెవులని పేరు పెట్టింది అప్పుడే. జూలైలో ఒక కంది చేనుకు చెవులతోనే రాశాడు, బండి సక్రమంగా నడిచింది. తర్వాత అతను కొత్త ఫోను కొన్నాడు. ఆ ఫోను చెవులను వంకరగా పెట్టింది, బండి చిట్టీ చదవనని మొండికేసింది. ఆ రోజు నవత చుట్టాల పెళ్లి విందులో ఉంది. నాలుగోసారి ఫోను మోగితే వాయిస్ మెసేజ్ పెట్టింది. ఆ తర్వాత అతని బండి దిగిన మొదటి కంది చేను గంగయ్యదే. ఇప్పుడు ఆ మెసేజును వేలితో తోసి తోసి వెతికింది. ఫోనును చెవికి గట్టిగా నొక్కి విన్నది.

మాట్లాడింది తనేనా అనిపించింది. ఆ గొంతులో అంత విసుగుందని అప్పుడు తెలియలేదు.

సంతోష్‌రావుకు ఫోను చేసింది. ఆయన మొత్తం విన్నాడు. చెడ్డవాడేం కాదు, మధ్యలో ఆపలేదు.

“శబాష్. మంచిగ దొరకవట్టినవ్. ఇయ్యాల్నే దిద్ది, అన్ని బండ్లకు పంపు,” అన్నాడు. “కాగితం మాత్రం అట్లనే ఉండని.”

“ఆయన తప్పు లేదు సార్.”

“మరి ఎవరి తప్పని రాస్తం? ప్రోగ్రాం తప్పని రాస్తే అది రాసింది ఎవరంటరు. నిన్ను పర్మినెంట్ చేసే ఫైలు నా టేబుల్ మీదనే ఉన్నది, సోమవారం సంతకం పెడ్దామనుకున్న. లక్ష్మణ్‌ను వచ్చే వానకాలం నేనే పిలుస్త. ఒక్క సీజనే గద.”

“ఊర్లె వేరే తీరుగ అనుకుంటున్నరు సార్.”

“ఊరు నాలుగు దినాలంటది, మర్చిపోతది. ఆలోచించు. ఆవేశపడకు.”

ఆ రాత్రి లక్ష్మణ్ ఇంట్లో ఉంది. అతని భార్య జొన్నరొట్టెలు చేసింది. కంచంలో పప్పు పోయబోయి, ఏమనుకుందో, గరిటె వెనక్కి తీసి పచ్చిపులుసు పోసింది.

ఆదివారం పొద్దున వాన వెలిసింది. నవత తన ఇరవై రెండు వరుసల్లో రెండింటిని కొట్టేసి, నాలుగు కొత్తవి రాసింది. ఇక చిట్టీలో చెవుల్లేకుండా అంకె వస్తే బండి కదలదు, సాళ్ల లెక్క మనిషిని అడుగుతుంది. ఎనిమిది బండ్లకూ పంపింది. పని అయిపోయింది. చేతులు ఖాళీ అయ్యాయి. సంచిలో కాగితం మిగిలింది.

కొట్టంలో గంగయ్య పాలు పిండుతున్నాడు. రామవ్వ చాట ముందేసుకొని విత్తనపు కంది ఏరుతోంది. లక్ష్మణ్ గట్టు మీదే ఆగిపోయాడు.

“లోపలికి రా అన్నా,” నవత పిలిచింది. “అవ్వా, ఒకటి ఇనిపిస్త. ఇను.”

ఫోను బండి మీద పెట్టి, గొంతు పెంచింది. ముందు లక్ష్మణ్ మాట వచ్చింది, వెనక ఎక్కడో ఎద్దు గంట చప్పుడుతో సహా. “మేడం, చెవులు వంకరొస్తున్నయి. తీసెయ్యల్నా, సీదా జేసి పెట్టల్నా?”

తర్వాత పెళ్లి బ్యాండు. దాని మీదుగా నవత గొంతు. “అబ్బా, ఆ చెవుల గోల వద్దన్నా! నేను చెప్పినట్టు రాయి. ఉత్తగ ఆరు, రెండు చుక్కలు, ఒకటి. అంతే.”

మళ్లీ లక్ష్మణ్. “చెవుల్లేకుంటే దానికి ఇనవడ్తదా మేడం?”

చివర నవత నవ్వు. తనొక్కతే కాదు, పక్కనెవరికో చెప్పి వాళ్లనూ నవ్వించినట్టుంది. కొట్టంలో ఆ నవ్వు రేకులకు తగిలి మోగింది. గంగయ్య పాలు పిండడం ఆపాడు.

రామవ్వ చాటలో చేయి పెట్టి అట్లాగే ఉండిపోయింది. తర్వాత, ఐదు రోజుల తర్వాత మొదటిసారి, లక్ష్మణ్ ముఖంలోకి చూసింది.

“అడిగినవా నువ్వు?”

“అడిగిన చిన్నమ్మా.”

“మరి నోట్ల మన్నువోసుకున్నవా? చెప్పవా నాతోని?”

“యాదికి లేకుండె. మూడు కొట్టిననే రంధిల ఇది యాదికి రాలే. నిన్న మబ్బు దిగినట్టైంది.” లక్ష్మణ్ చెవి మీద పెన్ను తీసి నవతకిచ్చాడు. ఇచ్చినట్టే ఇచ్చి, వదలలేదు. “మేడం, ఒక్క మాట. ఇంకోసారి నేనేమన్న అడిగితే, జర ఆగి జవాబియ్యుండ్రి. నవ్వినా మంచిదే. ఆగి నవ్వుండ్రి.”

“సరే అన్నా.” అతను పెన్ను వదిలాడు.

కాగితాన్ని లాప్‌టాప్ మీద పరిచింది. ‘కారణం’ వాక్యాన్ని ఒక్క గీతతో కొట్టేసింది. మార్జిన్‌లో చిన్న అక్షరాలతో రాసింది: ‘ఆపరేటర్ సరిగానే రాశాడు. దాన్ని చదివే ప్రోగ్రాం గంటల లెక్కగా తీసుకుంది. ఆ ప్రోగ్రాం రాసింది నేను. గుర్తులు పెట్టాలా అని ఆయన ముందే అడిగాడు. వద్దన్నది నేను.’ లక్ష్మణ్ పేరు కొట్టేసి తన పేరు రాసింది. సంతకం పెట్టేటప్పుడు పెన్ను ఒకసారి ఆగింది. విదిలించి పెట్టింది.

ఫొటో తీసి సంతోష్‌రావుకు పంపింది. ఎనిమిది ఊళ్ల ఆపరేటర్లున్న గ్రూపులోనూ పెట్టింది. దాని కింద ఆ వాయిస్ మెసేజులు, నవ్వుతో సహా. ఒకదాని తర్వాత ఒకటి, వాళ్లు చూసినట్టు నీలం గీతలు పడుతుంటే చూడలేక ఫోను బోర్లించింది.

“ఊర్లె నేనే చెప్త,” రామవ్వ చాట పక్కన పెట్టి లేచింది. “బోరింగ్ కాడ చెప్తె చాలు, పొద్దుగూకేవరకు మహారాష్ట్ర దాటుతది.” గుంజ దగ్గరికి పోయి పలుపు ముడి విప్పడం మొదలుపెట్టింది. తడిసి బిగిసిన ముడి. పళ్లతో పట్టి లాగింది. “ఆసామివి నువ్వు కాదంటివి గని, జవాబైతే చెప్పినవు. తోలుండ్రి. కండ్లార చూడాలె, ఇది నా సాలును ఏం చేస్తదో.”

“అక్కడ మొక్కల్లేవు గదా అవ్వా, ఉత్త మోళ్లే.”

“ఉత్తవెట్లైతయి? నేను గింజలేసిన.”

లక్ష్మణ్ చిట్టీ రాశాడు. ఆరుకు ముందొక చెవి, ఒకటి వెనకొక చెవి, రెండూ సీదాగా. నవత చూపు తెర మీదే ఉంది గానీ, ఆమె ఏమీ చెప్పలేదు. మీట నొక్కాడు. బండి చదువుకుంది, ఊపిరి తీసినట్టు ఒక చప్పుడు చేసి, మొదటి సాలు ఎక్కింది.

ఇరవై అడుగుల దూరం మాట ఎవరికీ గుర్తు రాలేదు. రామవ్వ పక్క సాలులో దాని వెంటే నడిచింది, కర్ర పట్టుకొని, కొసకు పోయి తిరిగినప్పుడల్లా గట్టిగా లెక్కబెడుతూ. ఒకటి. రెండు. కత్తులు పత్తి మొదళ్ల నడుమ గరిక కోస్తూ కిరకిరమంటున్నాయి. మూడు. నవత జేబులో ఫోను మోగింది. తీసి చూసింది. సంతోష్‌రావు. మోగనిచ్చింది. నాలుగు. ఐదు. ఫోను ఆగి, మళ్లీ మోగింది.

“ఆరు!” రామవ్వ ఒర్రింది.

బండి మలుపు తిరిగి ఏడో సాలు ముందు నిలబడింది. దాని ముందు బోడి నేల, వేలెడు మోళ్లు, మడమతో నొక్కిన గుంటలు. ఒక్క ఆకు లేదు. లక్ష్మణ్ ఎర్ర బటన్ దగ్గర చేయి పెట్టుకొని నిలబడ్డాడు.

కిర్రుమని కత్తులు పైకి లేచాయి. లేచి, కడుపులోకి ముడుచుకున్నాయి. బండి ఆ ఖాళీ సాలు మీదుగా, అటు రెండు ఇటు రెండు చక్రాలు వేసుకుంటూ, గుంటలను తాకకుండా మెల్లగా దాటిపోయింది.

“నడువు,” అంది రామవ్వ దాంతో, ఎడ్లతో అన్నట్టే.